మన ఎంపీ గారు సభలో ఏమి అడిగారు?

2021 ఫిబ్రవరిలో కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ లోక్‌సభకు ఒక రాతపూర్వక సమాధానం ఇచ్చింది. 2020 డిసెంబరు 31తో ముగిసిన ఐదేళ్లలో మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 340 మంది మరణించారని అందులో ఉంది. అదే ఏడాది జూలై 28న, పాకీ పని వల్ల గత ఐదేళ్లలో ఎంతమంది చనిపోయారని రాజ్యసభలో మల్లికార్జున ఖర్గే, ఎల్. హనుమంతయ్య గార్లు అదే శాఖను అడిగారు. అలాంటి మరణాలేవీ నమోదు కాలేదని సహాయ మంత్రి రాందాస్ అఠావలే గారు జవాబిచ్చారు. మరుసటి వారం, ఆగస్టు 4న, అదే శాఖ మంత్రి వీరేంద్ర కుమార్ గారు అదే సభకు ఇంకో సమాధానం ఇచ్చారు. పాకీ పని వల్ల మరణాలు లేవు గాని, మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 941 మంది మరణించారన్నారు. ఈ లెక్క 1993 నుంచి.

ఒక్క శాఖ, ఆరు నెలలు, మూడు సమాధానాలు. 340, సున్న, 941. ప్రియ పాఠకులారా, వీటిలో ఏది అబద్ధం?

చట్టం ముందు పెట్టి చూస్తే ఒక్కటి కూడా కాదు. 2013లో పార్లమెంటు చేసిన చట్టంలో పాకీ పనికి ఒక నిర్వచనం ఉంది. పారిశుధ్య ప్రమాణాలు లేని మరుగుదొడ్డిలోని మలాన్ని, దాని నుంచి మలం చేరే గుంటను, కాలువను చేతులతో ఎత్తి శుభ్రం చేయించడం పాకీ పని. రక్షణ పరికరాలు ఇవ్వకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకో సెప్టిక్ ట్యాంకులోకో దించితే, చట్టం దానిని 'ప్రమాదకరమైన శుభ్రత పని' అంటుంది. రెండూ నిషేధమే, రెండూ నేరమే. కానీ రెండు వేర్వేరు మాటలు. విషవాయువు పీల్చి ట్యాంకులో చనిపోయిన మనిషి రెండో మాట కింద చనిపోయాడు. మొదటి మాట పట్టుకుని అడిగితే మంత్రి గారికి సున్న అని చెప్పే వీలు దొరుకుతుంది. ఆయన ఆ వీలును వాడుకున్నారు.

మంత్రి గారిని సమర్థించడానికి ఇది చెప్పడం లేదు. సభ్యులు ఏ మరణాల గురించి అడుగుతున్నారో ఆయనకు తెలియనిది కాదు. అదే శాఖ ఆరు నెలల ముందు లెక్క చెప్పింది. ఆ లెక్క చేతిలో ఉండగా సున్న అని రాయడం చట్టానికి సరిపోవచ్చు, చనిపోయిన వారి భార్యాబిడ్డలకు సరిపోదు. అయినా నాకు ఇందులో కనిపించే పాఠం అడిగే పక్షం వారిది. ఒక్క మాట తేడాతో వందల మంది మృతులు సభా రికార్డులో ఒకచోట ఉన్నారు, మరోచోట లేరు.

ఆదికాండము 4వ అధ్యాయంలో లేఖనం నమోదు చేసిన మొదటి హత్య తర్వాత దేవుడు అడిగినది ఒక ప్రశ్నే. నీ తమ్ముడు ఎక్కడ అని. కయీను జవాబులో రెండు భాగాలున్నాయి. మొదటిది, తనకు తెలియదు. రెండోది, తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండడం తన పని కాదు. సెమినరీలో ఈ భాగం చదువుకునేటప్పుడు 'కావలివాడు' అనే మాటకున్న హీబ్రూ పదం 'షోమేర్' మీద మాకు చాలాసేపు పాఠం జరిగేది. మంద కాసేవాడికీ, ద్వారం కాసేవాడికీ వాడే పదమది. ఇప్పుడు మంత్రుల రాతపూర్వక సమాధానాలు చదువుతుంటే ఆ పాఠం గుర్తుకొస్తోంది. 'సమాచారం అందుబాటులో లేదు', 'ఇది రాష్ట్రాల పరిధిలోని అంశం'. కయీను చెప్పిన రెండు భాగాలూ ఆఫీసు భాషలో ఇవే.

ఇంకో ఉదాహరణ చూడండి. 2020 సెప్టెంబరు 14న, లాక్‌డౌన్‌లో సొంత ఊళ్లకు తిరిగి వెళ్తూ మరణించిన వలస కూలీలు ఎందరని లోక్‌సభలో అడిగిన ప్రశ్నకు, అలాంటి సమాచారం నిర్వహించడం లేదని కార్మిక శాఖ జవాబిచ్చింది. లెక్కే లేదు గనుక పరిహారం ప్రశ్నే రాదట. అదే జవాబులో తిరిగి వెళ్లిన కూలీల సంఖ్య మాత్రం ఉంది, కోటికి పైగా. నడిచినవారికి లెక్క ఉంది, నడుస్తూ పడిపోయినవారికి లేదు. కోవిడ్ కారణంగా ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్నే రద్దు చేశారు. రాతపూర్వక సమాధానాలు మాత్రమే మిగిలాయి. అంటే సభ్యుడు లేచి, 'మరి లెక్క ఎందుకు తీయలేదు?' అని మంత్రిని ముఖాముఖి అడిగే అవకాశం లేకుండా పోయింది.

ఆ అవకాశం ఏమిటో మన సంఘాల్లో చాలామందికి తెలియదు. అందుకని కొంచెం వివరిస్తాను. పార్లమెంటులో ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు జవాబు కాగితం మీద వస్తుంది, అంతటితో సరి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 రాతపూర్వక ప్రశ్నలు జాబితాలో ఉంటాయి. నక్షత్ర ప్రశ్నలు ఇరవైకి ఇరవై సభ ముందుకు రావడం అరుదు. కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసులు ఎక్కువగా వస్తాయి గనుక ఏది ముందో లాటరీ తీసి తేలుస్తారు. మంత్రి అసలు బలం, బలహీనత బయటపడేది అనుబంధ ప్రశ్నల దగ్గరే. ముందే రాసిచ్చిన కాగితం అక్కడ పనికిరాదు. శాఖ గురించి చదివి వచ్చిన సభ్యుడి ముందు చదవని మంత్రి నిలబడలేడు. చదవకుండా వచ్చిన సభ్యుడైతే మంత్రికి ధన్యవాదాలు చెప్పి కూర్చుంటాడు.

ఇక మన సంగతి. డిసెంబరు వస్తే సెమీ క్రిస్మస్ కార్యక్రమాలకు ఎంపీ గారిని, ఎమ్మెల్యే గారిని పిలుస్తాం. శాలువా కప్పుతాం, కేకు కోయిస్తాం, ప్రార్థన చేస్తాం. తర్వాత సంఘ పెద్దలు ఒక వినతిపత్రం ఇస్తారు. సమాధుల తోటకు స్థలం, కమ్యూనిటీ హాలుకు నిధులు, చర్చి ముందు సిమెంటు రోడ్డు. ఇవి తప్పని నేననను. నేనూ అలాంటి వినతిపత్రాలు రాసినవాణ్ణే, ఆ రోడ్ల మీద నడిచినవాణ్ణే. కానీ ఇన్నేళ్ల పరిచర్యలో, 'అయ్యా, ఈ సంవత్సరం మీరు సభలో ఏ మంత్రిని ఏమి అడిగారు?' అని ఒక సంఘం తన ఎంపీని అడగడం నేను ఒక్కసారీ చూడలేదు. రోడ్డు ఇవ్వమని అడుగుతాం గాని, ప్రశ్న అడగమని అడగం. సభ్యుడు చేయాల్సిన మొదటి పని మనం అడగని ఈ రెండోదే. రోడ్డు వేయించడానికి అధికారులున్నారు.

చాలా ఏళ్ల క్రితం నేను పాస్టరుగా ఉన్న ఒక పట్టణంలో మా సంఘంలోని ఒక యువకుడు సెప్టిక్ ట్యాంకులో దిగి చనిపోయాడు. భూస్థాపన కూడిక నేనే జరిపించాను. దించిన కాంట్రాక్టరు కొంత డబ్బు ఇంటికి పంపి మాట మూయించాడు. మేము ఆ విధవరాలి కోసం కానుక పట్టాం, పాటలు పాడాం, నలభై రోజుల కూడిక కూడా పెట్టాం. ఆ మరణం ఏ లెక్కలోకి వెళ్లిందో, అసలు వెళ్లిందో లేదో మాలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. చేతిలో చట్టం లేదనడానికి లేదు, పాకీ పనిని నిషేధించే చట్టం 1993లోనే వచ్చింది. నేను దానిని చదవలేదు, అంతే.

ఆ రోజుల్లోనే కొందరు అడుగుతూ ఉన్నారు. కోలారు బంగారు గనుల కాలనీలో పాకీ పని చేసే దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారు వారిలో ఒకరు. ఆంధ్రప్రదేశ్‌లో దళితుల మధ్య పనిచేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు ఆయనతో నిలబడ్డారు. వారి సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రభుత్వాలు మా దగ్గర పాకీ పనే లేదని చెబుతుంటే, వీరు ఊరూరా తిరిగి ఫొటోలతో, వివరాలతో కోర్టు ముందు పెట్టారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతివారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరు తీర్పులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. విల్సన్ గారికి 2016లో మెగసెసే అవార్డు వచ్చినప్పుడు మనమంతా పత్రికల్లో చూసి సంతోషించాం. ఆయన చేసిన పని మాత్రం అప్పటికీ మన సంఘాల పనిగా మారలేదు.

'మా ఎంపీ అధికార పక్షం వాడు పాస్టరు గారూ, సొంత మంత్రిని ఎలా అడుగుతాడు?' అని ఒక సంఘ పెద్ద నన్ను అడిగారు. 1957 డిసెంబరులో లోక్‌సభలో లేచి జీవిత బీమా సంస్థ గుట్టు విప్పిన ఫిరోజ్ గాంధీ కాంగ్రెస్ సభ్యుడే, పైగా ప్రధాని నెహ్రూ గారి అల్లుడు. ప్రజల బీమా సొమ్ము కోటీ పాతిక లక్షల దాకా హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లోకి ఎలా వెళ్లిందని ఆయన తేదీలతో, కాగితాలతో అడిగారు. జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అడిగే మనసుంటే కుర్చీ ఏ వైపు ఉన్నా అడగవచ్చు. ఇది తెలిసీ మన పార్టీలు, సభ్యుడు నోరు విప్పేముందు పై నుంచి అనుమతి కావాలనే అలవాటు చేశాయి. అది వేరే కథ.

సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు ప్రత్యక్షపు గుడారము ద్వారం దగ్గర మోషే ఎదుట, యాజకుడైన ఎలియాజరు ఎదుట, ప్రధానులందరి ఎదుట నిలబడ్డారు. ఏడవలేదు, బతిమాలలేదు. కొడుకులు లేనంత మాత్రాన తమ తండ్రి పేరు వంశంలో నుంచి ఎందుకు పోవాలని అడిగారు. మోషేకు వెంటనే జవాబు తెలియలేదు. తెలియనిదాన్ని దాచుకోకుండా దేవుని దగ్గరకు తీసుకెళ్లాడు. వారు చెప్పినది సరే అని దేవుడు అన్నాడు, ఆ తర్వాత స్వాస్థ్యపు చట్టమే మారింది. ఈ వాక్యభాగం మీద స్త్రీల సమాజ కూడికల్లో చాలా ప్రసంగాలు విన్నాను. అధికారులను బహిరంగంగా అడగడం దేవుని ఎదుట తప్పు కాదన్న మాట మాత్రం తక్కువగా విన్నాను.

మనకు మాత్రమే తోచే ప్రశ్న ఒకటుంది. 2021 చివర పార్లమెంటుకు ఇచ్చిన సమాధానం ప్రకారం, కులం వివరాలు నమోదైన 43,797 మంది పాకీ కార్మికులలో 42,594 మంది షెడ్యూల్డ్ కులాలవారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి ఆ జాబితాలో చేర్చదు. ఆంధ్రప్రదేశ్‌లో అతను బీసీ-సి. మరి అదే గుంటలో దిగే క్రైస్తవ కార్మికుడు ఈ లెక్కలో ఏ వరుసలో ఉన్నాడు? కార్డులో హిందూ అని రాయించుకుని మొదటి వరుసలో ఉన్నాడా, లేక ఎక్కడా లేడా? మన సంఘాల్లోనే ఈ సంగతి పైకి మాట్లాడడానికి భయపడతాం, ఎందుకో మీకు తెలుసు. సభ్యుడు అడిగితే మాత్రం ఒక వ్యక్తి పేరు బయటపడకుండానే లెక్క బయటకు రావచ్చు.

2025 జూలైలో పార్లమెంటు ముందుకు వచ్చిన సామాజిక తనిఖీ వివరాలు చూడండి. 2022, 2023లలో జరిగిన 54 మరణాలను పరిశీలిస్తే, 49 మంది ఒంటి మీద ఏ రక్షణ పరికరమూ లేదు. పన్నెండేళ్ల క్రితమే చట్టం నిషేధించిన పని ఇది. అడిగారు గనుక ఇంతమాత్రం తెలిసింది.

లోక్‌సభ నియమాల ప్రకారం ప్రశ్న మామూలుగా 150 మాటలు మించకూడదు. వచ్చే సమావేశాలకు మన సంఘాల నుంచి ఎంపీలకు ఇవ్వగలిగినది ఇలా ఉండవచ్చు. గత ఐదేళ్లలో మురుగు కాలువ, మ్యాన్‌హోల్, సెప్టిక్ ట్యాంకు ఏదైనా, ఏ పేరుతో నమోదైనా, శుభ్రం చేయడానికి దిగి మరణించినవారు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో జిల్లాల వారీగా ఎందరు? 2023 అక్టోబరు తీర్పు తర్వాత 30 లక్షలు ఎన్ని కుటుంబాలకు అందింది, ఎన్ని కుటుంబాలు పాత మొత్తం దగ్గరే ఆగిపోయాయి? 2013 చట్టం కింద ఎంతమంది కాంట్రాక్టర్లకు శిక్ష పడింది? మృతులలో మతం కారణంగా షెడ్యూల్డ్ కులాల జాబితాలో లేనివారు ఎందరు, వారి భార్యాబిడ్డలకు పునరావాసం ఏ పథకం కింద ఇచ్చారు?

'ఏ పేరుతో నమోదైనా' అనే మాటను ఎంపీ గారి కార్యాలయంలో ఎవరైనా కొట్టేస్తే ఊరుకోకండి, అందులోనే అంతా ఉంది. జవాబు వచ్చిన రోజే పార్లమెంటు వెబ్‌సైటులో పెడతారు, ఎవరైనా చదవవచ్చు. మీ యవ్వనస్థుల కూడికలో ఒకరి చేత దానిని పైకి చదివించండి. ఏ సంఘం నుంచి ఏ ఎంపీకి ప్రశ్న వెళ్లిందో మాకు రాసి పంపితే, వచ్చిన జవాబుతో పాటు ఈ పేజీలోనే వేస్తాం.