నడుం నొప్పికి నింద సూది మీదా?

ఆపరేషన్‌కు ముందు మత్తు పరీక్ష కోసం మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లను ‘ఇంతకుముందు ఏమైనా ఆపరేషన్‌ అయ్యిందా’ అని అడుగుతాం. ‘పాప పుట్టినప్పుడు పెద్దాపరేషన్‌ చేశారు మేడం. వెన్నులో సూది వేశారు. అప్పట్నుంచీ నడుం నొప్పే’ అని చాలామంది చెబుతారు. ఆ పాప ఇప్పుడు ఇంటర్‌ చదువుతుంటుంది. నొప్పి నిజమే, దాన్ని ఎవరూ కాదనకూడదు. కానీ ఇన్నేళ్ల నొప్పికి కారణం అప్పటి ఆ సూది కాదు.

పెద్దకోడలు అన్న ఈ మాట చిన్నకోడలికి చేరుతుంది. అక్కడి నుంచి ఆడపడుచుకి, పక్కింటి అమ్మాయికి వెళుతుంది. చివరికి తొలిచూలు గర్భిణి ఆపరేషన్‌ టేబుల్‌ మీద మమ్మల్ని చూడగానే బిగుసుకుపోతుంది. ‘కావాలంటే మొత్తం నిద్రపుచ్చేయండి, వెన్నులో మాత్రం వద్దు’ అని ఆమె తల్లి బయట బతిమాలుతుంటుంది. లోపల బిడ్డ గుండె చప్పుడు తగ్గుతున్నప్పుడు ఈ వాదనతో పోయే ప్రతి నిమిషమూ తల్లీబిడ్డలకు నష్టమే. అందుకే ఈ భయాల్లో ఏది నిజమో, ఏది కాదో నొప్పులు మొదలవకముందే తీరిగ్గా మాట్లాడుకోవాలి.

రెండూ ఒకటి కాదు

జనం అన్నింటినీ ‘వెన్ను సూది’ అనే అంటారు. నిజానికి ఇవి రెండు. సిజేరియన్‌కు ఎక్కువగా ఇచ్చేది స్పైనల్‌. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి చాలా సన్నని సూదితో సుమారు 2 మిల్లీలీటర్ల మందు ఒక్కసారి ఎక్కిస్తాం. కొద్ది నిమిషాల్లోనే రొమ్ముల కింది నుంచి కాళ్ల దాకా నొప్పి తెలియకుండా పోతుంది. రెండు మూడు గంటల్లో మళ్లీ స్పర్శ వస్తుంది, కాళ్లు కదులుతాయి.

ఎపిడ్యూరల్‌ ముఖ్యంగా మామూలు కాన్పులో నొప్పులు తగ్గించడానికి. ఆ ద్రవాన్ని కప్పి ఉంచే పొరకు ఇవతలే ఆగి, అక్కడ దారం లాంటి సన్నని గొట్టాన్ని ఉంచుతాం. సూది తీసేస్తాం, గొట్టం మాత్రమే ఉంటుంది. కాన్పు అయ్యేదాకా దాని ద్వారా పలుచని మందు కొద్దికొద్దిగా వెళుతుంది. తల్లికి పూర్తిగా మెలకువ ఉంటుంది. బిడ్డ కిందికి దిగుతున్న ఒత్తిడి తెలుస్తుంది, ముక్కగలుగుతుంది. నొప్పి తీవ్రత మాత్రం బాగా తగ్గుతుంది. మధ్యలో సిజేరియన్‌ అవసరమైతే చాలాసార్లు అదే గొట్టంలోంచి ఎక్కువ మందు ఇచ్చి ఆపరేషన్‌ చేయొచ్చు.

మరి నడుం నొప్పి ఎక్కడిది?

సూది గుచ్చిన చోట కొద్ది రోజులు సలపరం ఉండొచ్చు. ఇంజెక్షన్‌ చేసిన చేతికి ఉన్నట్టే, తర్వాత తగ్గిపోతుంది. నెలలు, ఏళ్లు సాగే నడుం నొప్పి సంగతి వేరు. కాన్పులో ఎపిడ్యూరల్‌ వాడకంపై 40 అధ్యయనాలను, 11 వేలకు పైగా మహిళల వివరాలను కోక్రేన్‌ సంస్థ 2018లో సమీక్షించింది. ఎపిడ్యూరల్‌ తీసుకున్నవారికీ, తీసుకోనివారికీ దీర్ఘకాలిక నడుం నొప్పిలో తేడా కనిపించలేదు. ఏ సూదీ వేయించుకోకుండా ఇంట్లో కన్న మన అమ్మమ్మలకు నడుం నొప్పి లేదా?

కారణాలు కాన్పుకు ముందే మొదలవుతాయి. గర్భంలో హార్మోన్ల ప్రభావంతో నడుము, కటి దగ్గరి కీళ్ల కట్లు వదులవుతాయి. పొట్ట ముందుకు పెరిగేకొద్దీ నడుము లోపలికి వంగుతుంది. పొట్ట కండరాలు సాగి బలం కోల్పోతాయి. కాన్పయ్యాక రోజుకు పదిసార్లు మెడ, వీపు వంచుకుని పాలివ్వడం, నిద్ర లేకపోవడం, బిడ్డను చంకనేసుకుని నీళ్ల బిందె ఎత్తడం... వీటన్నింటి భారం పడేది నడుము మీదే. దీనికి తోడు చాలామందిలో విటమిన్‌ డి, కాల్షియం తక్కువగా ఉంటాయి.

నింద సూది మీద వేసేస్తే అసలు కారణానికి వైద్యం జరగదు. ‘వెన్ను సూది నొప్పి, ఇక తగ్గదులే’ అని ఊరుకుంటారు. లేదంటే మెడికల్‌ షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని ఏళ్ల తరబడి మింగుతారు. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బులతో వచ్చేవారిలో ఇలాంటివారూ ఉంటారు. ప్రభుత్వం గర్భిణులకు ఇచ్చే కాల్షియం మాత్రలు కాన్పయ్యాక ఆరు నెలల వరకూ వేసుకోవాలి. చాలామంది బిడ్డ పుట్టగానే మానేస్తారు. గోడకు వీపు ఆనించి, ఒళ్లో దిండు పెట్టుకుని బిడ్డను రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలి. రొమ్మును బిడ్డ దగ్గరికి వంచకూడదు. డాక్టరు సరేనన్నాక నడుము, పొట్ట కండరాలకు వ్యాయామాలు మొదలుపెట్టాలి. నిజానికి నొప్పిని తగ్గించేవి ఇవే.

పక్షవాతం వస్తుందా?

పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే, అంటే మొదటి, రెండో నడుము పూసల మధ్య ముగుస్తుంది. మేము సూది వేసేది అంతకంటే కింద. అక్కడ ఉండేది ద్రవంలో తేలియాడే నరాల పోగులే. కాళ్లు శాశ్వతంగా చచ్చుబడటం లక్షల్లో ఒకరికి జరిగే సంగతి. అది కూడా ఎక్కువగా సూది చోట రక్తం గూడుకట్టడం వల్లో, చీము పట్టడం వల్లో వస్తుంది. అందుకే రక్తం పలుచనయ్యే మందులు వాడుతున్నవారికి, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవారికి, సూది వేయాల్సిన చోట ఇన్ఫెక్షన్‌ ఉన్నవారికి, తీవ్ర రక్తస్రావంతో బీపీ పడిపోయినవారికి మేమే దీన్ని వద్దంటాం. కొన్ని గుండె జబ్బులు ఉన్నవారిలోనూ, వెన్నుకు ఆపరేషన్‌ అయినవారిలోనూ ఆచితూచి నిర్ణయిస్తాం.

తలనొప్పి మాత్రం నిజం

సూది చేసిన రంధ్రంలోంచి వెన్ను ద్రవం కారితే కొందరికి తలనొప్పి వస్తుంది. ఇది కట్టుకథ కాదు. 1898లో జర్మనీలో స్పైనల్‌ మత్తును మొదలుపెట్టిన ఆగస్ట్‌ బియర్‌ దాన్ని తన మీద కూడా ప్రయోగించుకుని, రోజుల తరబడి ఈ తలనొప్పితో పడుకున్నాడు. ఇప్పటి సూదులు సన్నగా, కొన్నయితే పెన్సిల్‌ మొనలా ఉంటాయి కాబట్టి ఈ ఇబ్బంది బాగా తగ్గింది. ఎపిడ్యూరల్‌ సూది లావు. పొరపాటున పొరకు రంధ్రం పడటం సుమారు వందలో ఒకరికి జరుగుతుంది. అలా జరిగినవారిలో సగానికి పైగా తలనొప్పి వస్తుంది.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. లేచి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. చాలామందికి మాత్రలతో, తగినన్ని ద్రవాలతో కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. తగ్గకపోతే వారి రక్తాన్నే కొద్దిగా తీసి వెన్నులోని ఎపిడ్యూరల్‌ భాగంలో ఎక్కించే చికిత్స ఉంది. ‘24 గంటలు తల ఎత్తకూడదు, దిండు పెట్టకూడదు’ అనే మాట ఇంకా వినిపిస్తోంది. కదలకుండా పడుకున్నంత మాత్రాన ఈ తలనొప్పి రాకుండా ఆగదు. బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చే పత్యం అయితే మేలు చేయకపోగా నీరసాన్నీ, మలబద్ధకాన్నీ తెస్తుంది.

ఇవికాక బీపీ తగ్గడం, వికారం, వణుకు, దురద, కొన్ని గంటలు మూత్రం తెలియకపోవడం సాధారణం. వీటికి మందులు పక్కనే సిద్ధంగా పెట్టుకుంటాం. ఆపరేషన్‌లో చేతులు తగులుతున్నట్టు, లాగుతున్నట్టు అనిపించడం కూడా మామూలే. నొప్పి అనిపిస్తే మాత్రం వెంటనే నోరు తెరిచి చెప్పండి. ఓర్చుకోవాల్సిన పనిలేదు. దానికి తగిన చికిత్స చేయడం మా బాధ్యత.

‘మొత్తం నిద్రపుచ్చేయండి’ అంటే?

గర్భిణికి పూర్తి మత్తు ఇస్తే గొంతులోకి గొట్టం వేయాలి. గర్భంలో గొంతు భాగం వాచి ఉంటుంది కాబట్టి ఆ పని కష్టమవుతుంది. పొట్టలో ఉన్నది వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం కూడా ఎక్కువ. మందు బిడ్డకూ కొంత చేరుతుంది. అవసరమైనప్పుడు మేము పూర్తి మత్తూ ఇస్తాం, జాగ్రత్తగానే ఇస్తాం. కానీ వెన్ను సూదికి భయపడి దాన్ని కోరుకోవడమంటే చిన్న ముప్పును వదిలి పెద్ద ముప్పును తెచ్చుకోవడమే. ఇంకో మాట. ‘పాపం నీరసంగా ఉంది’ అని ఆపరేషన్‌కు ముందు దొంగచాటుగా ఇడ్లీయో, పాలో పెట్టకండి. ఒకవేళ పెట్టి ఉంటే దాచకండి.

స్పైనల్‌, ఎపిడ్యూరల్‌లలో బిడ్డకు చేరే మందు చాలా తక్కువ. తల్లి మెలకువగా ఉంటుంది కాబట్టి పుట్టిన గంటలోపే పాలివ్వొచ్చు.

నొప్పి భరించాల్సిందేనా?

ఇంతవరకూ రాసింది ఆసుపత్రిలో రోజూ చెప్పే మాటలే. ఇక నా అభిప్రాయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్‌లే. దేశ సగటు 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 80 శాతం దాటింది. దీనికి ముహూర్తాల నుంచి డబ్బుదాకా చాలా కారణాలు చెబుతారు. అందులో పురిటి నొప్పుల భయం కూడా ఒకటని, దాని గురించి మనం తగినంత మాట్లాడటం లేదని నేననుకుంటాను. ‘ఈ నొప్పులు నా వల్ల కాదు, కోసేయండి’ అని ఏడ్చే అమ్మాయికి మనం ఇస్తున్న దారి ఒక్కటే, ఆపరేషన్‌. విచిత్రమేమిటంటే నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్‌కు ‘అమ్మో, వెన్నులో సూదా’ అని భయపడిన కుటుంబమే సిజేరియన్‌కు ఒప్పుకుంటుంది. అక్కడ వేసేదీ వెన్ను సూదే.

ఎపిడ్యూరల్‌ తీసుకుంటే సిజేరియన్‌ తప్పదన్న భయాన్నీ పైన చెప్పిన సమీక్ష కొట్టేసింది. కాన్పు చివరి దశ కొంచెం ఎక్కువసేపు పట్టొచ్చు. కొందరికి జ్వరం రావచ్చు. పాత పద్ధతిలో గాఢమైన మందు వాడిన రోజుల్లో పరికరాలతో బిడ్డను తీయాల్సిన అవసరం పెరిగేది. 2005 తర్వాతి అధ్యయనాల్లో ఆ తేడా కనిపించలేదు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణి నొప్పి తగ్గించమని కోరితే ఎపిడ్యూరల్‌ ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది.

కానీ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎంతమందికి ఇది దొరుకుతోంది? పట్నంలో కార్పొరేట్‌ ఆసుపత్రికి వెళ్లేవారికి ప్యాకేజీలో భాగం. కూలికి వెళ్లే అమ్మాయికి ‘కాన్పంటే నొప్పులుండవా, ఓర్చుకో’ అన్న గదమాయింపు. ఎపిడ్యూరల్‌కు మందు, గొట్టం కొంటే సరిపోదు. పెట్టిన తర్వాత గంటల తరబడి బీపీ, బిడ్డ గుండె చూస్తూ ఉండే మనిషి కావాలి. ఒకే మత్తు డాక్టరు థియేటర్‌లో సిజేరియన్‌లన్నీ చూసుకుంటున్న చోట ఇది సాధ్యం కాదు. కాబట్టి కాన్పులు ఎక్కువగా జరిగే జిల్లా, బోధనాసుపత్రుల్లో ముందుగా లేబర్‌ రూమ్‌కే ప్రత్యేకంగా మత్తు వైద్యుల్ని, శిక్షణ పొందిన నర్సుల్ని కేటాయించాలి. అది జరిగేలోపు కూడా చేయగలిగినవి ఉన్నాయి. పక్కన తోడు మనిషిని ఉండనివ్వడం, నడవనివ్వడం, నొప్పి తగ్గించే ఇంజెక్షన్లు, మర్యాదగా మాట్లాడటం. చివరిదానికి బడ్జెట్‌ కూడా అక్కర్లేదు.

నిర్ణయం కూడా ఆమెదే కావాలి. ఎపిడ్యూరల్‌ కావాలా అంటే ‘మా అత్తయ్యని అడగండి’ అనే అమ్మాయిలు ఉన్నారు. ఆమె వద్దనుకుంటే వద్దు. సూది లేకుండా కనాలనుకోవడం కూడా ఆమె ఇష్టమే. కానీ కావాలన్న నోటిని మరొకరు మూయకూడదు. తెలివిలో ఉండి నిర్ణయం తీసుకోగల పెద్దవయసు రోగి తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది.

ఎనిమిదో నెలలోనే అడగండి

ఎనిమిదో నెల పరీక్షకు వెళ్లినప్పుడు, నొప్పులు తగ్గించే సదుపాయం ఆ ఆసుపత్రిలో ఉందా, రాత్రిపూట కూడా ఉంటుందా అని అడగండి. పాత ఆపరేషన్లు, వెన్ను సమస్యలు, గుండె జబ్బు, వాడుతున్న మందులు, ఏ మందైనా పడకపోవడం... అన్నీ చెప్పండి. ప్లేట్‌లెట్ల పరీక్ష కాగితం దగ్గర ఉంచుకోండి.

సూది తర్వాత కాళ్ల బరువు నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే, మల మూత్రాలు అదుపు తప్పితే, జ్వరంతో పాటు తీవ్రమైన వెన్ను నొప్పి వస్తే, లేస్తే పెరిగే తలనొప్పి ఉంటే వెంటనే చెప్పండి. ఇంటికి వెళ్లాక అయినా సరే, ‘సూది వేశారు కాబట్టి ఇంతేలే’ అని ఊరుకోకుండా ఆసుపత్రికి రండి.

(వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు వైద్యురాలు, ఎంబీబీఎస్‌, ఎండీ)