ఆ పిల్లల రోజు కూడా చూడాల్సింది

సంపాదకులకు,

విదేశీ మతప్రచారకులపై మీ వ్యాసంలో మోర్మన్ మతానికి చెందిన యువకులను 'జీతానికి తిరిగేవాళ్లు' అన్నారు. అది సరికాదు. వాళ్లకు జీతం లేదు. చేతనైనంత ఖర్చు తామో, ఇంటివాళ్లో పెట్టుకుంటారు. మగపిల్లలు 18 ఏళ్లు దాటాక రెండేళ్లు ఈ ప్రచార సేవకు వెళ్తారు. ఏ దేశమో, ఏ భాషో వాళ్లు ఎంచుకోరు. సాధారణంగా పొద్దున 6:30కి లేవాలి, రాత్రి 10:30కి పడుకోవాలి. జతగాణ్ని వదిలి ఒక్కరే తిరగకూడదు. 2019కి ముందు ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే, ఇప్పుడు వారానికోసారి. అప్పట్లో అమ్మ గొంతు వినకుండా నెలలు గడపడం ఆ వయసులో ఎంత కష్టమై ఉంటుంది!

బాసరలో ఉండే మాకు ఇలాంటి నియమాల విలువ తెలుస్తుంది. అమ్మవారి సన్నిధిలో దీక్ష పట్టినవాళ్లు మా గడపల ముందు మధుకరం (భిక్ష) అడుగుతారు. వాళ్లను చులకనగా చూడటం ఇక్కడ తప్పు. ఈ పిల్లల విషయంలోనూ నా మాట అదే.

నేను ఆ మతస్థుణ్ని కాను. మతమార్పిడిపై ప్రశ్నలు అడగండి, అడగాలి కూడా. కానీ ఇదంతా తెల్లవాళ్ల వ్యవహారమే అన్నట్టు రాయడం బాధ కలిగించింది. సమోవాలో ఆ మతం తీసుకున్న మన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978లో హైదరాబాద్ వచ్చి బంధువులకు బోధించారు. 22 మంది చేరారు. బాప్టిస్టు పాస్టరైన ఎల్సీ తండ్రి మోర్మన్ గ్రంథ భాగాలను తెలుగు చేశారు. ఆ మత స్థానిక సంఘాల కూటమిని 'స్టేక్' అంటారు. దేశంలో మొదటిది 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

సేవకు వెళ్లొచ్చిన తెలుగు యువకులతో మాట్లాడించి మరో వ్యాసం వేయండి.

— ఒక పాఠకుడు, బాసర, నిర్మల్ జిల్లా