యంత్రానికి కూడా నాడి చూడవలె

రోగి ఎదుట కూర్చున్న వైద్యుడు మందుచీటీ వ్రాయడానికి ముందు అతని చేయి పట్టుకొని నాడి చూస్తాడు. మన హకీములు దీనినే నబ్జ్ చూడడమంటారు. మాట వేరైనా పని ఒక్కటే. నాడి చూడకుండానే మందిచ్చే వానిని తెలుగు ఇంట్లోనూ నమ్మరు, ఉర్దూ ఇంట్లోనూ నమ్మరు. కాని కంప్యూటరు మందగించినప్పుడు మాత్రం ఈ వివేకాన్ని మనం మరచిపోతున్నాము. "ఇది పాతబడిపోయింది, క్రొత్తది కొనవలసిందే" అని ఒక్క మాటలో తేల్చివేస్తున్నాము. ఎక్కడ ఆగిపోతున్నది, ఏది చాలడం లేదు, ఎందువలన వేడెక్కుతున్నది అనే ప్రశ్నలు మన నోట రావడం లేదు. ఈ అలవాటును మార్చుకోవలెనని విన్నవించుటకే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టు ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. దాని తరువాతిదైన విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే రక్షణ సాధనం ఉండవలెనని నిబంధన ఉన్నది. మన ప్రయోగశాలలోని అనేక యంత్రాలకు అది లేదు. కావున వానిని తీసివేసి క్రొత్తవి కొనాలనే ఆలోచన కళాశాల కమిటీ పెద్దల ముందున్నది. ఆ ఆలోచన వెనుక ఉన్న సదుద్దేశాన్ని మేము శంకించడం లేదు. కాని క్రొత్తవి వచ్చేదాకా ప్రయోగశాల సగం ఖాళీగా ఉంటుంది. ఇంట కంప్యూటరు లేని విద్యార్థినీ విద్యార్థులు మనలో ఎందరో ఉన్నారు. ఉపకార వేతనపు దరఖాస్తు నింపడానికైనా, ప్రాజెక్టు పని పూర్తిచేయడానికైనా వారికి ఉన్న దారి ఈ గది ఒక్కటే. బస్సు దిగి వచ్చి, వరుసలో నిలిచి, వంతు రాకుండానే సాయంత్రం తిరిగి వెళ్ళే అమ్మాయిలను మేము చూస్తూనే ఉన్నాము. ఈ నిర్ణయంలోని బరువు వారి మీద పడుతుంది.

అందువలన కంప్యూటర్ శాఖ విద్యార్థులమైన మేము కొందరం అధ్యాపకుల అనుమతి తీసుకొని, నాలుగు పాత యంత్రాలలో లినక్సును స్థాపించి, వాని తెరలపై వ్యవస్థ స్థితిని చూపే పరికరాలను అమర్చాము. పనిచేస్తున్నంతసేపూ తెర మూలన కొన్ని అంకెలు, ఒక చిన్న రేఖాచిత్రం కనిపిస్తూ ఉంటాయి. గణన విభాగం ఎంత శ్రమపడుతున్నది, జ్ఞాపకశక్తి ఎంత మిగిలినది, డిస్కు ఎంత వేగంతో చదువుతున్నది, లోపలి వేడి ఎంత, ఇవన్నీ అక్కడ చూడవచ్చును. చూడడానికి అలంకారంగా కనిపించినా అవి నిజానికి నాడిపై ఉంచిన వ్రేళ్ళు.

లినక్సులో ఈ పని సులభం కావడానికి ఒక కారణమున్నది. 1991లో ఫిన్లండులోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ వ్యవస్థలో ప్రాక్ అనే ఒక సంచయం ఉన్నది. అందులోని పత్రాలు డిస్కు మీద ఉండవు. మనం తెరచిన క్షణంలో వ్యవస్థ కేంద్రమే వానిని వ్రాసి ఇస్తుంది. పనులను పత్రాల రూపంలో చూపాలనే ఈ ఆలోచన 1984లో బెల్ ప్రయోగశాలలలో టామ్ కిలియన్ యునిక్సు కోసం చేసిన కృషికి చెందినది. ఏ కంపెనీ అనుమతీ అడగనవసరం లేకుండా, ఏ రుసుమూ చెల్లించకుండా, ఒక సామాన్య విద్యార్థి ఆ పత్రాన్ని తెరచి తన యంత్రం స్థితిని చదువుకోవచ్చును. తెరపై మనం అమర్చే పరికరాలు ప్రధానంగా ఆ పత్రాలనే చదివి, అందమైన రూపంలో మన ముందుంచుతున్నాయి.

ఇటువంటి పరికరాలు పెక్కు ఉన్నాయి. టాప్ అనేది అందరి వద్దా ఉండే పాతది. హెచ్‌టాప్ అనేది బ్రెజిల్ దేశీయుడైన హిషామ్ ముహమ్మద్ 2004లో ప్రారంభించినది. రంగుల గీతలతో ఏ పని ఎంత భారం మోపుతున్నదో చూపుతుంది. కాంకీ అనేది తెర వెనుకభాగం మీదనే అంకెలను చిత్రిస్తుంది. ఏమేమి చూపవలెనో మనమే ఒక చిన్న పత్రంలో వ్రాసి పెట్టవలె. 2015లో వచ్చిన 1.10 కూర్పు నుండి ఆ పత్రం లువా భాషా రూపంలో ఉండవలసి ఉన్నది. పాత పుస్తకాలలో చూచి వ్రాసినది పనిచేయకపోతే విద్యార్థులు నిరుత్సాహపడక ఈ మార్పును గుర్తుంచుకోవలె. కె.డి.ఇ. ప్లాస్మా అనే తెరరంగం ఉన్నవారికి ఇంకను సులభం. తెరపై కుడి మీట నొక్కి, విడ్జెట్లను చేర్చే జాబితా తెరచి, కావలసిన దానిని లాగి ఉంచితే చాలును.

ఇక మేము చూచినదేమిటో చెప్పవలసి ఉన్నది. పరీక్షల దరఖాస్తుల రోజున నాలుగు యంత్రాలూ యథాప్రకారం మొరాయించాయి. గణన విభాగం అలసిపోయినదనే అందరూ అనుకొన్నారు. కాని తెర మీద అది అయిదవ వంతు పని కూడా చేయడం లేదు. అదే సమయంలో లోడ్ యావరేజ్ అనే సంఖ్య మాత్రం ఆరు దాటినది. లినక్సు ఈ సగటును ఒక నిమిషానికి, అయిదు నిమిషాలకు, పదిహేను నిమిషాలకు వేరువేరుగా ఇస్తుంది. ఇందులో గణనకు వేచియున్న పనులే కాక, డిస్కు నుండి సమాధానం కోసం ఆగిపోయిన పనులు కూడా చేరుతాయి. 1993 నుండి లినక్సు లెక్క ఇదే. గణన విభాగం ఖాళీగా ఉండి, సగటు పెరిగినదంటే పనులు డిస్కు గుమ్మంలో నిలిచి ఉన్నవన్నమాట.

డిస్కు ఎందుకంత తీరిక లేకుండా ఉన్నది? సమాధానం ప్రక్క వరుసలోనే ఉన్నది. నాలుగు గిగాబైట్ల జ్ఞాపకశక్తి నిండిపోయి, మిగిలినదంతా స్వాప్ అనే భాగంలోకి, అనగా డిస్కు మీదకు, నెట్టబడుతున్నది. మళ్ళీ అవసరమైనప్పుడు అక్కడి నుండి తేవలసి వస్తున్నది. తిరిగే పళ్ళెం గల పాత డిస్కు ఆ రాకపోకలను భరించలేదు. యంత్రం ముసలిది కాలేదు. దాని ఇల్లు ఇరుకైనది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకొన్నట్లు, ఇరుకని యంత్రాన్నే పారవేయబోయాము.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అంకె కనిపించగానే అర్థమైనదనుకోరాదు. మొదటి రోజున మాలో కొందరు "ఖాళీ జ్ఞాపకశక్తి ఏమీ లేదు" అని కంగారుపడ్డారు. లినక్సు ఖాళీగా ఉన్న జ్ఞాపకశక్తిని వృథాగా ఉంచదు. ఇదివరకు చదివిన పత్రాల నకళ్ళను అందులో దాచుకొని, ఎవరికైనా అవసరమైనప్పుడు వెంటనే వదలివేస్తుంది. కావున చూడవలసినది ఖాళీ అనే అంకెను కాదు, లభ్యమనే అంకెను. 2014లో వచ్చిన 3.14 కూర్పు నుండి వ్యవస్థ కేంద్రమే ఈ లభ్య పరిమాణాన్ని అంచనావేసి చెబుతున్నది. నాడి దొరికినంత మాత్రాన వైద్యుడు కాడు. దాని నడక తెలియవలె. ఆ తెలివిని నేర్పవలసిన చోటు కళాశాల కాక మరేది?

అధ్యాపకుల సమ్మతితో ఒక యంత్రానికి మరి నాలుగు గిగాబైట్ల జ్ఞాపకశక్తిని చేర్చి, పాత డిస్కు స్థానంలో ఘనస్థితి డిస్కును అమర్చాము. అయిన వ్యయం క్రొత్త యంత్రపు వెలలో కొద్ది భాగం మాత్రమే. అదే దరఖాస్తును, అదే రద్దీలో నింపినప్పుడు సగటు ఒకటిని మించలేదు. మా పక్షానికి అనుకూలమైనది మాత్రమే చెప్పి ఊరుకొంటే అది న్యాయం కాదు. రెండవ యంత్రంలో వేడి తొంభై డిగ్రీలు దాటుతున్నట్లు కనిపించినది. తెరచి చూస్తే పంఖాలో దుమ్ము పేరుకొని ఉన్నది. శుభ్రం చేసిన తరువాత అది కుదుటపడింది. మూడవదానికి మొదటిదాని వలెనే జ్ఞాపకశక్తి కావలెను. నాలుగవది మాత్రం ఎన్ని చేసినా మధ్యలో ఆగిపోతున్నది; దానిని తీసివేయవలసిందేనని మేమే వ్రాసి ఇచ్చాము. నాలుగింటిలో ఒకటి పోవలసినది, మూడు నిలువదగినవి. ఈ తేడాను కంటితో చూచి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. తెర నిండా గడియారాలు, వాతావరణ చిత్రాలు, గుండ్రటి మీటర్లు పెట్టుకొని విద్యార్థులు కాలం వృథా చేస్తారని కొందరు అధ్యాపకుల భయం. ఆ భయంలో నిజమున్నది. పై పటారం, లోన లొటారం అన్న సామెత ఇటువంటి తెరలకే తగును. పైగా ఈ పరికరాలు కూడా యంత్రపు శక్తినే తింటాయి. సెకనుకొకసారి అంకెలు మార్చే పరికరం కంటె అయిదు సెకనులకొకసారి మార్చేది పాత యంత్రానికి మేలు. అందువలన ఆరు అంకెలకు మించి తెరపై ఉండరాదని, ప్రతి అంకెకు అర్థం చెప్పగలవాడే దానిని అమర్చుకోవలెనని మేము ఒక నియమం పెట్టుకొన్నాము.

ఇంతకంటె గట్టి ఆక్షేపణ భద్రతకు సంబంధించినది. ఎక్కడ పడితే అక్కడ దొరికిన అలంకారాలను తెచ్చి స్థాపించడం అపాయకరం. 2009 డిసెంబరులో గ్నోమ్ తెరలకు అలంకారాలు పంచుకొనే ఒక స్థలంలో జలపాతపు తెరబొమ్మ అనే పేరిట హానికరమైన కార్యక్రమం బయటపడింది. 2024 మార్చిలో ప్లాస్మా కోసం ఇతరులు తయారుచేసిన ఒక అలంకార సంపుటి, స్థాపించుకొన్న వ్యక్తి పత్రాలన్నింటినీ తుడిచివేసింది, తరువాత కె.డి.ఇ. వారే వాడుకరులను హెచ్చరించారు. మొదటిది దురుద్దేశంతో జరిగినది, రెండవది పొరపాటు వలన జరిగినది. నష్టపోయినవారికి రెండూ ఒక్కటే. కావున పంపిణీదారుల అధికారిక భాండాగారం నుండి మాత్రమే తెచ్చుకోవలె. డెబియన్, ఉబుంటులలో కాంకీ, హెచ్‌టాప్ రెండూ అక్కడనే లభిస్తున్నాయి.

మన కళాశాలకు ప్రత్యేకమైన విషయం ఒకటున్నది. ఈ అంకెల ప్రక్క పేర్లు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండవలెనని మేము ఆశించాము. కాంకీలో వ్రాసినప్పుడు తెలుగు ఒత్తులు విడిపోయాయి, ఉర్దూ అక్షరాలు ఒకదానితో ఒకటి కలియలేదు. అక్షరాలను కూర్చే పని దాని సాధారణ చిత్రణలో లేకపోవడమే కారణం. ప్లాస్మా విడ్జెట్లలో మాత్రం రెండు లిపులూ చక్కగా వచ్చాయి. గ్నోమ్ తెరరంగంలో ఈ కూర్పును చేసే గ్రంథాలయానికి పాంగో అని పేరు. గ్రీకులో పాన్ అంటే సర్వం, జపాను భాషలో గో అంటే భాష. ఆ పేరులోనే సర్వభాషలకూ చోటున్నది. "జ్ఞాపకశక్తి" అని ఒకరు, "యాద్‌దాష్త్" అని మరొకరు ఒకే తెరపై చదువుకొనడం ఈ కళాశాలలో తప్ప మరెక్కడ శోభిస్తుంది?

మరొక్క మాట. అన్ని యంత్రాల స్థితినీ ఒకే గదిలో కూర్చొని చూడవచ్చును గదా, ఎవరు ఏమి చేస్తున్నారో కూడా తెలుస్తుంది గదా అని ఒక పెద్దలు అన్నారు. యంత్రాన్ని చూడడం వేరు, మనిషిని కనిపెట్టి ఉండడం వేరు. మేము కోరుతున్నది మొదటిది. తన ఎదుటి యంత్రాన్ని తానే తెలుసుకొనే విద్యార్థి బాధ్యత నేర్చుకొంటాడు. తన వెనుక ఎవరో చూస్తున్నారని భయపడే విద్యార్థి దాచుకొనడం నేర్చుకొంటాడు.

కళాశాల కమిటీ వారికి మా విన్నపాలు మూడు. మొదటిది, ఏ యంత్రాన్నయినా తీసివేయడానికి ముందు ఒక వారం రోజులు దాని స్థితిని చూచి, వ్రాసి, ఆ వ్రాతను నిర్ణయానికి ఆధారంగా తీసుకొనవలె. రెండవది, నిలువదగిన వానికి ముందుగా జ్ఞాపకశక్తి, డిస్కు సమకూర్చి, నిజంగా పోవలసిన వాని స్థానంలోనే క్రొత్తవి కొనవలె. మూడవది, మిగిలిన సొమ్ముతో ప్రయోగశాలను సాయంత్రం మరొక గంట తెరచి ఉంచే ఏర్పాటు చేయవలె.

తోటి విద్యార్థులకు చెప్పదగినది కూడా ఉన్నది. పని చెడినప్పుడు యంత్రాన్ని తిట్టడం సులభం. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనకు తెలియనిది కాదు. ఆ తిట్టే అయిదు నిమిషాలూ తెర మూలనున్న అంకెలను చదివి, ఒక కాగితం మీద వ్రాసి పెట్టండి. నాలుగు యంత్రాలకు మేము వ్రాసిన కాగితాలు ప్రయోగశాల తలుపు ప్రక్కన వ్రేలాడదీసి ఉన్నాయి. తక్కిన యంత్రాలకు ఇంకా ఎవరూ వ్రాయలేదు. వ్రాయదలచినవారు ఏ శాఖవారైనా సరే, వచ్చే సోమవారం నుండి మాతో కలిసి కూర్చొనవచ్చును.