గేదె ఈసుకుపోతే ఇంట్లో జ్వరం ఎందుకొస్తుందో చెప్పేదెవరు?



మనిషి, పశువు, నేల, నీరు - వీటన్నిటి ఆరోగ్యం ఒక్కటేనని ప్రభుత్వాలు ఇప్పుడు 'వన్ హెల్త్' పేరుతో చెబుతున్నాయి. 2022 డిసెంబరులో నాగపూర్‌లో ఇందుకోసం జాతీయ సంస్థకు శంకుస్థాపన కూడా చేశారు. సంతోషమే. కానీ శిక్షణ ఎవరికి ఇస్తారు? ఏ భాషలో ఇస్తారు? మన ప్రశ్న అదే.

ఈసుడు రోగాన్నే తీసుకోండి. డాక్టర్లు దీన్ని బ్రూసెల్లోసిస్ అంటారు. చూడి గేదె నెలలు నిండకుండానే ఈసుకుపోతుంది. చచ్చిన దూడనూ మాయనూ ఇంటి ఆడవాళ్ళు ఒట్టి చేతులతో ఎత్తిపోస్తారు. రోగం అలా మనిషికి అంటుతుంది. పచ్చిపాలు తాగినా అంటుతుంది. తర్వాత విడిచి విడిచి జ్వరం, చెమటలు, కీళ్ళ నొప్పులు. ఆసుపత్రికి పోతే టైఫాయిడ్ మందులు రాసి పంపుతారు. "మీ గేదె ఈసుకుపోయిందా?" అని అడిగే డాక్టరు ఎక్కడున్నాడు? "ఇంట్లో ఎవరికైనా జ్వరమా?" అని పశువుల డాక్టరూ అడగడు. ఎవరి చదువు వాళ్ళది, ఎవరి శాఖ వాళ్ళది. మధ్యలో డబ్బూ ఒళ్ళూ పోగొట్టుకునేది మనం.

ఆడదూడలకు 4 నుంచి 8 నెలల మధ్య ఒక్కసారి వేసే టీకా ఉంది. గాలికుంటుతో పాటు దీనికీ 2019లో కేంద్రం కార్యక్రమం మొదలుపెట్టింది. ఇది బతికున్న క్రిమితో చేసిన టీకా. సూది పొరపాటున గుచ్చుకుంటే వేసేవాడికే రోగం రావచ్చు. అలాంటప్పుడు చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు, సరైన శిక్షణ లేకుండా ఎవరినీ కొట్టంలోకి పంపకూడదు.

మందుల సంగతీ అంతే. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు ఆఖరున వాడే కొలిస్టిన్‌ను కోళ్ళకు, చేపలకు, రొయ్యలకు వాడకూడదని 2019లో నిషేధించారు. చచ్చిన పశువులను తిన్న రాబందులు కిడ్నీలు చెడి అంతరించిపోతున్నాయని పశువుల డైక్లోఫినాక్‌ను 2006లో నిషేధించారు. ఉత్తర్వులు ఢిల్లీలో పుడతాయి. కొట్టం దగ్గరికి వచ్చి ఏ మందు ఎందుకు కూడదో, బదులు ఏది వాడాలో చెప్పే మనిషిని మాత్రం వేయరు. చివరికి నింద రైతు మీదికి వస్తుంది. అమ్మినవాడిని వదిలి కొన్నవాడిని దొంగనడం ఏం న్యాయం?

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు, పశువైద్యుడు, ఆశా కార్యకర్త, గోపాలమిత్ర - అందరికీ మండల స్థాయిలో తెలుగులో ఉమ్మడి శిక్షణ ఇవ్వాలి.
2. పశువులు ఈసుకుపోయిన ఊళ్ళో జ్వరపీడితులకు రక్తపరీక్ష ఉచితంగా చేయాలి.
3. ఖాళీగా ఉన్న పశువైద్యుల పోస్టులు భర్తీ చేయాలి.
4. పాడి చూసే మహిళలకు గ్లౌజులు ఇచ్చి, మాయను సున్నం వేసి లోతుగా పూడ్చే పద్ధతి చేసి చూపించాలి.

పశువు పక్కన రాత్రీ పగలూ ఉండేది మనం. రోగాన్ని ముందు చూసేదీ మనమే. మనల్ని బయట నిలబెట్టి హాళ్ళలో ఇచ్చే శిక్షణతో పల్లెకు ఒరిగేదేమీ లేదు. వచ్చే నెల ప్రతి గ్రామ శాఖా ఈ నాలుగు డిమాండ్లపై తీర్మానం చేసి మండల అధికారులకు అందజేయాలి.