జాగ్రత్త కూడా విద్యయే

విశ్వవిద్యాలయ ప్రయోగశాల కొత్త జ్ఞానానికి పుట్టినిల్లు. అక్కడి సీసాలలో ఔషధాలకు మూలమైన ద్రవ్యాలు ఉన్నట్లే ప్రాణాంతకమైన విషాలు కూడా ఉంటాయి. కొన్ని గాలి తగిలిన క్షణంలోనే భగ్గుమంటాయి. కొన్ని చర్మం గుండా శరీరంలో ప్రవేశించి, నెలలు గడచిన తరువాతగాని తమ ప్రభావాన్ని చూపవు. ఈ ద్రవ్యాల ధర్మాలను బోధించే విద్యలో, వాటి నుండి తనను, తోటివారిని కాపాడుకొనే నేర్పు కూడా భాగం కావాలి. కాని చాలాచోట్ల అది గోడకు అంటించిన నియమావళికే పరిమితమవుతున్నది.

ప్రయోగశాల ప్రమాదాలలో తెలియక జరిగేవి కొన్ని. తెలిసినదానిని ఆచరించకపోవడం వల్ల జరిగేవి కొన్ని. అమెరికాలో జరిగిన రెండు దుర్ఘటనలు ఈ భేదాన్ని స్పష్టం చేస్తాయి.

కారెన్ వెట్టర్‌హాన్ డార్ట్‌మత్ కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యురాలు. విషలోహాల ప్రభావంపై పరిశోధించి ప్రఖ్యాతి పొందిన విదుషీమణి. 1996 ఆగస్టు 14న ఆమె పనిచేస్తుండగా డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరస సమ్మేళనం చుక్కలు కొన్ని చేతి తొడుగుపై పడ్డాయి. ఆనాటికి తెలిసిన జాగ్రత్తలన్నీ ఆమె పాటించారు. విషవాయువులను బయటకు లాగివేసే ఫ్యూమ్ హుడ్‌లోనే పనిచేశారు. లేటెక్స్ తొడుగులు ధరించారు. అయినా ఐదు నెలల తరువాత ఆమె నడక తడబడింది, మాట తొట్రుపడింది. 1997 జూన్ 8న ఆమె కన్నుమూశారు. ఆ ద్రవం లేటెక్స్‌ను 15 సెకన్లలోపే దాటిపోతుందని ఆ తరువాత పరీక్షలలో తేలింది. అటువంటి ద్రవ్యాలకు ప్రత్యేకమైన పొరలతో చేసిన తొడుగులు, వాటిపై మందమైన మరొక జత అవసరమని లోకం తెలుసుకొన్నది.

రెండవ దుర్ఘటన స్వభావం వేరు. 2008 డిసెంబరు 29న లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు ఒకరు గాలి తగిలితే మండే బ్యుటైల్ లిథియం ద్రవాన్ని సిరంజితో తీస్తున్నారు. సిరంజి ఊడి, ద్రవం చిమ్మి, ఆమె దుస్తులు అంటుకొన్నాయి. ఆమె ఒంటిపై ప్రయోగశాల కోటు లేదు; కృత్రిమ నూలుతో చేసిన స్వెట్టరు ఉన్నది. పద్దెనిమిది రోజుల అనంతరం ఆమె మరణించారు. ఆ ప్రయోగశాలలో కోట్లు ధరించడం లేదని విశ్వవిద్యాలయ తనిఖీదారులు అంతకు రెండు నెలల ముందే గుర్తించారు. అక్కడ లోపించినది జ్ఞానం కాదు, ఆచరణ.

ఇటువంటి సందర్భాలలో విద్యార్థి అజాగ్రత్తయే కారణమని చెప్పి చేతులు దులుపుకోవడం సులభం. కాని తనిఖీలో బయటపడిన లోపాన్ని సరిదిద్దవలసినది ఎవరు? కోటు లేనివారిని లోపలికి రానీయకుండా నిలువరించవలసినది ఎవరు? ప్రమాదకరమైన ద్రవ్యాన్ని చేతికిచ్చే గురువు, నిధులు సమకూర్చే సంస్థ ఈ బాధ్యత నుండి తప్పించుకోజాలరు. 2018 డిసెంబరులో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ప్రయోగశాలలో పేలుడు సంభవించి ఒక పరిశోధకుడు మరణించాడు. కాబట్టి ఇది ఎక్కడో దూరదేశాల సమస్య అని భావించరాదు.

జాగ్రత్తలు పరిశోధన వేగాన్ని తగ్గిస్తాయని కొందరి వాదం. ఈ వాదం నిలువదు. ఈథర్ సీసాను తెరిచి చాలాకాలం నిల్వ ఉంచితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పేలుడు స్వభావం గల పెరాక్సైడ్‌లు ఏర్పడతాయి. తెరిచిన తేదీని సీసాపై రాయడానికి పట్టేది అరనిమిషం. రాయకపోతే పోయేది ప్రాణం. పైగా పేరులేని సీసా దానిని నింపినవారికంటే ఇతరులకే ఎక్కువ అపాయం. గాజుపాత్రలు కడిగే సహాయకుడు, నేల తుడిచే కార్మికురాలు అందులో ఏమున్నదో ఎరుగరు. ఒకరి నిర్లక్ష్యానికి మరొకరు మూల్యం చెల్లించడం అన్యాయం.

ప్రయోగ పరీక్షలో ఫలితం సరిగా వచ్చినదా అని చూచినట్లే, కళ్లకు రక్షణ అద్దాలు ధరించినాడా, నీటిలో ఆమ్లాన్ని పోసినాడా లేక ఆమ్లంలో నీటిని పోసినాడా, వ్యర్థ ద్రావణాన్ని తగిన పాత్రలో వేసినాడా అని కూడా చూడాలి. వీటికీ మార్కులు కేటాయించాలి. మార్కులున్న చోట శ్రద్ధ ఉంటుంది; శ్రద్ధ క్రమంగా అలవాటవుతుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదన్న సామెత ప్రయోగశాలలో అక్షరాలా నిజం. వెట్టర్‌హాన్ మరణం లోకానికి తెలియని విషయాన్ని తెలిపింది. తెలిసిన తరువాత కూడా ఆచరించకపోతే ఆ త్యాగానికి విలువ లేకుండా పోతుంది. ద్రవ్యగుణాన్ని ఎరిగినవాడు విద్యావంతుడు; ఎరిగి తనను, పరులను కాపాడగలిగినవాడే నిజమైన శాస్త్రజ్ఞుడు.