మా అక్క నోటుపుస్తకంలో బిడ్డ ఖర్చు

మా మేనల్లుడికి మొన్న ఏడాది నిండింది. వాడు పుట్టినప్పటి నుంచి పెట్టిన ప్రతి రూపాయీ అక్క ఒక నోటుపుస్తకంలో రాస్తా వచ్చింది. పసుపు అమ్మేటప్పుడు షావుకారు దగ్గర ఒకసారి మోసపోయాక ఆమెకు ఆ అలవాటు పడింది. డిగ్రీ చదివినోడివి కదా, కూడి చెప్పు అని నా చేతిలో పెట్టింది. 13,000 తేలింది.

ఇంతేనా అనుకునేవాళ్లుంటారు. అడవిలో అన్నీ ఊరికే దొరుకుతాయి, మీకు పిల్లల్ని పెంచడానికి ఖర్చేముంటుంది అని కాలేజీలో నా పక్క బెంచీ స్నేహితుడే అన్నాడు. వాడికి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నా.

ఆటోలకు 4,150. ఆర్‌ఎంపీకి, టానిక్కులకు 3,600. అక్కకు జ్వరమొచ్చి పాలు తగ్గినప్పుడు కొన్న ఆరు పాల డబ్బాలు 2,700. బట్టలు, దుప్పటి, సబ్బు, నూనె 1,900. జిరాక్సులు, ఫోటోలు, అర్జీలు 650. వాడు తాగిన రాగి అంబలి మా చేనుదే, దానికి లెక్క రాయలేదు. అంటే బిడ్డ పాలకూ బట్టలకూ కలిపి 4,600 అయితే, దారికీ కాగితానికీ 4,800 పోయింది. ఆస్పత్రి దగ్గర్లో ఉంటే ఆర్‌ఎంపీ డబ్బులో సగమైనా మిగిలేది.

పుస్తకంలో లేనిది ఇంకోటుంది. ఈ తిరుగుళ్లకు అక్కా బావా ఎన్ని రోజులు పనికి పోలేదు అని అడిగాను. వేళ్లు మడిచి లెక్కపెట్టి 31 అన్నారు. రోజుకు 300 కూలి చొప్పున 9,300. అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే. అది ఖర్చని వాళ్లకు తోచనే లేదు.

వాడు డోలీలో, దారిలోనే పుట్టాడు. ఆస్పత్రిలో పుడితే అక్కడే నమోదయ్యేది. పుట్టిన 21 రోజుల్లోపు చెప్తే రుసుము లేదు. నెల దాటితే అధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు కావాలి. ముసురు పట్టిన ఆషాఢంలో, బాలింత ఇంట్లో ఉంటే, 21 రోజుల్లో కొండ దిగి ఎవరు పోతారు? 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి పుట్టిన తేదీ రుజువు ఆ సర్టిఫికెట్ ఒక్కటే. దాని కోసం బావ మండల కేంద్రానికి నాలుగుసార్లు తిరిగాడు.

డబ్బు కూడా ఆ కాగితానికే ముడిపడింది. గర్భిణులకు 6,000కు తగ్గకుండా ఇవ్వాలని 2013 ఆహార భద్రత చట్టం చెప్పింది. మాతృ వందన యోజనలో మొదటి బిడ్డకు ఇచ్చేది 5,000, అదీ రెండు విడతలు. రెండో విడత 2,000 రావాలంటే పుట్టుక నమోదై ఉండాలి, 14 వారాల టీకాలు పడి ఉండాలి. అక్కకు ఆ రెండు వేలు ఇంకా రాలేదు. ఆ రెండు వేల కోసం తిరిగిన ఆటో ఖర్చు చెప్తే నవ్వుతారు.

మరి చేతిలో లేని డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? మన దగ్గర రూపాయి కనపడేది కాఫీ పండ్లు కోసినప్పుడు, పసుపు తవ్వినప్పుడు. బిడ్డ వానల్లో పుట్టాడు. బావ సంతలో షావుకారు దగ్గర రాబోయే పసుపు మీద అప్పు తెచ్చాడు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయాలని 1960లోనే రెగ్యులేషన్ వచ్చింది. సంతలో మాత్రం దాని సంగతి ఎవరూ ఎత్తరు. పసుపు తవ్వాక ధర చెప్పింది షావుకారే.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. కొండ ప్రాంతంలో మినీ కేంద్రానికైనా 150 మంది జనాభా ఉండాలన్నది నిబంధన. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న ఆవాసం అడిగితే మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పే. మా ఊళ్లో ఇళ్లే 22. కోడిగుడ్డు కోసం గెడ్డ దాటి పక్క ఊరికి పోవాలి. గెడ్డ పొంగితే ఆ వారం గుడ్డు లేదు.

తల్లికి వందనం డబ్బులు ఒకటో తరగతి నుంచి మొదలవుతాయి. దాన్ని నేను తప్పుపట్టను, మా ఇంట్లోనూ తీసుకుంటున్నాం. కానీ బిడ్డ బతికి బడిదాకా రావాలి కదా! ఆ ఆరేళ్లలో సర్కారు చెయ్యి అందాల్సినప్పుడు కొండెక్కి రాదు, మనమే దిగి పోవాలి.

ఇందులో మన తప్పూ ఉంది. జీవో నంబర్ 3 కోసం రోడ్డెక్కాం, పట్టాల కోసం ధర్నాలు చేశాం. పసిపిల్లల ఖర్చు ఆడవాళ్ల ముచ్చటని వదిలేశాం. నేనూ వదిలేసినోణ్ణే.

వచ్చే గ్రామసభకు ఈ నోటుపుస్తకం తీసుకెళ్తున్నాం. అడిగేది రెండే. పుట్టిన బిడ్డల నమోదుకు, ఆధార్‌కు నెలకోసారి సిబ్బంది ఊరికే రావాలి. జనాభా లెక్క చూడకుండా, దూరం చూసి అంగన్‌వాడీ ఇవ్వాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊళ్లో ఏడాదిలోపు బిడ్డ ఉన్న రెండు మూడు ఇళ్లకైనా వెళ్లి ఇలాగే రాయించండి. పోయిన కూలి రోజులు మీరే గుర్తుచేసి రాయించండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. తీర్మానానికి ఆ లెక్కలు జోడిద్దాం.

అక్క పుస్తకంలో నిన్న రాసిన వరుస ఇది: "బాబు ఆధార్. ఆటో 120. సర్వర్ లేదు, సోమవారం రమ్మన్నారు."