రాతి పొరల్లో తొలి జీవులు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు గుట్టల వయసెంతో తెలుసా? సుమారు 250 కోట్ల ఏళ్లు! కానీ వాటిలో జీవం జాడ వెతికితే దొరకదు. భూగర్భంలో కరిగిన శిల చల్లారి గట్టిపడ్డ గ్రానైట్ అది. అమ్రాబాద్ దగ్గర దాని మీదే ఇసుకరాయి పరుచుకుని ఉంటుంది. కడప దాకా సాగే ఆ రాతి వరుసకు అది ఉత్తరపు కొస. అసలు జాడ దక్షిణాన, కడప జిల్లా వేంపల్లె దగ్గర ఉంది.

అక్కడి డోలమైట్‌ని చూస్తే కోసిన క్యాబేజీలా పొరలు పొరలు. ఇవే స్ట్రోమటోలైట్లు. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు చాపలా పరుచుకున్నాయి. పైన సున్నం పేరుకుంటే వెలుతురు కోసం పైకి పాకి మళ్లీ చాప అల్లాయి. మన గాలిలో ఆక్సిజన్ నింపింది ఇలాంటి జీవులే. ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో ఇవి ఇప్పటికీ పెరుగుతున్నాయి.

తుమ్మలపల్లె యురేనియం ఉన్నదీ ఈ వేంపల్లె రాతి వరుసలోనే. అందుకే గని కూడా అక్కడే వెలిసింది. అటు వెళితే చూసి రండి. ముక్క మాత్రం కొట్టుకుని తేకండి.